చేట వెనుక పడిన అంకెలు

నా దగ్గర రెండు నోటు పుస్తకాలున్నాయి. నీలం అట్ట పుస్తకంలో నలభై నాలుగు ఆదివారాల ఆట ఉంది. ఎర్ర అట్ట పుస్తకంలో కంప్యూటర్‌లో నేను ఒంటరిగా ఆడుతున్న ఆట వివరాలున్నాయి. రెండూ ఒకే జాతి ఆటలు. మనిషి తాను కాని మరొక మనిషిగా మారి, ఒక కథలోకి నడిచి వెళ్లే ఆటలు. ఈ రెంటిలో ఏది మేలని ఈ మధ్య ఒకరు నన్నడిగారు. అంకెలు చూసి చెబుతానన్నాను.

వర్షమాపకం చదివి నమోదు చేయడం నా ఉద్యోగంలో భాగంగా ఉండేది. పొద్దున ఎనిమిదిన్నరకు గొట్టంలో ఎంత నీరుంటే అంతే రాయాలి. కరువు ఏడాది కదా అని జాలిపడి ఒక్క మిల్లీమీటరు కూడా ఎక్కువ రాయకూడదు. నా కింద పనిచేసేవారు కొలవకుండా వేసిన అంకెలను ఎర్ర సిరాతో కొట్టివేసేవాణ్ణి. పదవీ విరమణ తరువాత ఉద్యోగం పోయింది గానీ ఆ అలవాటు పోలేదు.

ఆటను మాకు తెచ్చినవాడు కుప్పంలో ఉండే నా మిత్రుడు, బడిలో సాంఘికశాస్త్రం చెప్పి విరమించినవాడు. బెంగళూరులో పనిచేసే అతని కూతురు ఒక పెట్టె కొనిచ్చింది. అందులో ఇంగ్లీషులో నియమాల పుస్తకం, గళ్ల కాగితాలు, ఇరవై ముఖాల పాచిక ఉన్నాయి. ఒకరు కథ నడపాలి. మిగిలినవారు కథలోని పాత్రలై, తాము ఏం చేస్తారో నోటితో చెప్పాలి. అది నెరవేరిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. మిత్రుడు పుస్తకంలోని పరాయి రాజ్యాలను పక్కకు నెట్టి, మన గుట్టలనూ కనుమలనూ తెచ్చిపెట్టాడు. ఉప్పు మూటలతో కనుమలు దాటే ఒక బిడారు కథ అల్లాడు.

ఆట పుంగనూరులో మా అక్క ఇంట్లో జరిగేది. మదనపల్లె నుంచి నాకు బస్సులో గంట పట్టేది. కుప్పం నుంచి అతనికి మూడు గంటలకు పైగా పట్టేది. ఆ తేడా గురించి అతను ఒక్కసారి కూడా మాట్లాడలేదు.

అక్కకు అప్పటికి అరవై ఎనిమిదేళ్లు. గాజుల అంగడి నడిపేది. మూత్రపిండాలు చెడిపోయాక దాన్ని మూసివేసింది. సోమ, బుధ, శుక్రవారాల్లో మదనపల్లెకు వచ్చి, నాలుగేసి గంటలు డయాలిసిస్ యంత్రం పక్కన పడుకునేది. రోజుకు ఒక లీటరు నీళ్లకు మించి తాగకూడదని వైద్యుల ఆజ్ఞ. ఆ లీటరు సీసా మీద నూరేసి మిల్లీలీటర్లకు ఒక గీత చొప్పున పది గీతలు గీసి ఇచ్చింది నేనే.

ఆటలో నేను దొంగను. అక్క పందొమ్మిదేళ్ల విలుకత్తె. గళ్ల కాగితం మీద నాకు గుర్తుగా చొక్కా గుండీ పెట్టుకున్నాను. అక్క తన అంగడిలో మిగిలిన ఒక ఆకుపచ్చ గాజు ముక్కను పెట్టింది. కథ నడిపేవాడు శత్రువుల తరఫున వేసే పాచికను మాకు కనబడకుండా వేయవచ్చని నియమం. అందుకోసం పెట్టెలో ఉన్న అట్ట తెర మొదటి రోజే చిరిగింది. అక్క వంటింట్లోకి వెళ్లి చేట తెచ్చి అతని ముందు నిలబెట్టింది.

"ఇదిగోప్పా, నీ రాజ్యానికి కోటగోడ" అంది.

ఆ రోజే కథలో ఒక వాగు వచ్చింది.

"నా బిడ్డ గుర్రం దిగి నీళ్లు తాగతాది" అంది అక్క, తన విలుకత్తెను గురించి.

"ఎన్ని దోసిళ్లక్కా?" అన్నాడు మిత్రుడు.

"ఎంచేది యాలప్పా? కడుపు నిండా."

"నీళ్లు తాగితే బలం పెరగతాదని పుస్తకంలో లేదక్కా" అన్నాను నేను.

"నువ్వుండరా! సీసాకు గీతలు గీసింది సాలక, ఈడగూడా వస్తివా?"

ముగ్గురం నవ్వాం. ఆ తరువాత ప్రతి ఆదివారం కథలో ఒక వాగో, ఇసుకలో తోడిన చెలమో తప్పక వచ్చేది. నీటి చల్లదనాన్నీ, అడుగున కదిలే గులకరాళ్లనూ మిత్రుడు తీరికగా వర్ణించేవాడు. అక్క కళ్లు మూసుకుని వినేది. నీళ్లు తాగడానికి పాచిక వేయనక్కరలేదు గనుక నేను ఏమీ రాసుకునేవాణ్ణి కాదు. నీలం పుస్తకంలో ఒక్క వాగు కూడా లేదు.

ఉన్నవన్నీ పాచిక అంకెలు. చేట వెనుక నుంచి మిత్రుడు ఏ అంకె పలికితే దాన్ని రాసేవాణ్ణి. శత్రువు దెబ్బ తగలాలంటే పదిహేను గానీ, అంతకు మించి గానీ పడాలి. ఇరవై ముఖాల్లో అటువంటివి ఆరు, అంటే నూటికి ముప్పై. నలభై ఒక్క ఆదివారాలు ముగిశాక కూడి చూశాను. నా దొంగ మీదికి యాభై ఎనిమిది దెబ్బలు వచ్చాయి. పదిహేడు తగలాలి, పద్దెనిమిది తగిలాయి. విలుకత్తె మీదికి అరవై మూడు వచ్చాయి. పందొమ్మిది తగలాలి, నాలుగే తగిలాయి. పొరపాటేమోనని మళ్లీ మొదటి నుంచి కూడాను. నాలుగే.

నలభై రెండో ఆదివారం ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టాను.

"ఇది దానంతట అది జరిగేది కాదు సామీ. నువ్వు పాచిక మీద లేని అంకె చెప్తాండావు."

మిత్రుడు కాగితాన్ని చాలాసేపు చదివాడు. "లెక్క సరిగానే ఉండాది" అన్నాడు.

అక్క నవ్వింది. "వీడు సిన్నప్పట్నుంచీ ఇంతేప్పా. నా ఆకులో రెండు బొరుగులు ఎక్కువ పడితే ఎంచి తీసేస్తాండె." అంతలోనే ఆమె నవ్వు తగ్గింది. "అట్లయితే ఇన్నాళ్లూ నా బిడ్డ గెలిసింది గెలుపు కాదా?"

"గెలుపేనక్కా" అన్నాడు మిత్రుడు.

"పందొమ్మిదిలో నాలుగు పోను, పదిహేను దెబ్బలకు లెక్క తేలదు" అన్నాను నేను.

అక్క కాసేపు గాజు ముక్కను చూస్తూ కూర్చుంది. తరువాత లేచి, తన చేతులతోనే చేటను వంటింట్లోకి తీసుకుపోయింది. తిరిగి వస్తూ ఇత్తడి పళ్లెం తెచ్చి బల్ల మధ్యలో పెట్టింది. "ఇందులో ఎయ్యప్పా, అందరం సూస్తాం. నా బిడ్డకేం భయమా?"

నలభై మూడో ఆదివారం ఎవరికీ ప్రమాదం జరగలేదు. నలభై నాలుగో ఆదివారం బిడారు చివరి కనుమకు చేరింది. అక్కడ ముగ్గురు దారిదోపిడీగాళ్లు విలుకత్తెను చుట్టుముట్టారు. మిత్రుడు మూడుసార్లు పాచిక వేశాడు. పళ్లెంలో పదిహేడు, పందొమ్మిది, పదహారు పడ్డాయి. విలుకత్తె బలం సున్నాకు వచ్చింది; వెంటనే మందు అందకపోతే చనిపోయినట్టే.

"దొంగ సంచీలో మూలిక ఉండాది గదా" అన్నాడు మిత్రుడు, గళ్ల కాగితం వైపు చూడకుండా.

మూలిక ఇవ్వాలంటే పాత్రలు పక్కపక్క గళ్లలో ఉండాలి. నా గుండీకీ గాజు ముక్కకూ మధ్య రెండు గళ్లున్నాయి. ఎవరూ ఎంచమనలేదు. నేను ఎంచాను.

"రెండు గళ్లు దూరముండాది" అన్నాను.

తరువాత అక్క అడిగింది. "ఆడ పక్కన వాగుండాదా?"

"ఉండాదక్కా. నాలుగడుగుల్లో."

"తాగిందా?"

"తాగిందక్కా. కడుపు నిండా."

బలం సున్నాకు వచ్చిన పాత్ర ఏ పనీ చేయలేదని నియమం. ఆ ఒక్కసారి నేను ఊరుకున్నాను. అక్క గాజు ముక్కను తీసి కొంగు చివర ముడివేసుకుంది. మా ఇద్దరికీ టీ పెట్టి ఇచ్చి, తన సీసా వైపు చూసి, తాను తాగలేదు. మరో పాత్రను చేసుకోమని మిత్రుడు రెండుసార్లు ఫోన్ చేశాడు. "సాల్లేప్పా, బాగా తిరిగింది" అందట. ఆ తరువాత ఆట జరగలేదు. పదకొండు వారాలకు అక్క చనిపోయింది. రెంటికీ సంబంధం ఉందని నేను రాయను. అందుకు ఆధారం లేదు.

నాకు పొద్దుపోవడం లేదని తెలిసి, మిత్రుడి కూతురు మా ఇంటికి వచ్చి కంప్యూటర్‌లో ఆ జాతి ఆటనే ఎక్కించి ఇచ్చింది. నేను పందొమ్మిదేళ్ల విలుకత్తెను తయారు చేసుకున్నాను. అందులో చేట లేదు. ఎదుట ఎవరు కూర్చున్నారో, వారి ఆరోగ్యం ఎలా ఉందో ఆ యంత్రానికి తెలియదు. నాలుగు వందల దెబ్బలు లెక్కించాను. అది చూపిన శాతానికీ జరిగినదానికీ రెండు దెబ్బలే తేడా. ఇంత నిజాయితీ గల కథకుణ్ణి నేను చూడలేదు. పాత్ర చనిపోతే ఒక మీట నొక్కి, ముందు సేవ్ చేసిన చోటికి తిరిగి వెళ్లవచ్చు. నా విలుకత్తె ఇరవై ఆరు సార్లు చనిపోయింది, ఇరవై ఆరు సార్లు లేచింది. అంకెలు చూస్తే కంప్యూటర్ ఆటే మేలని తేలుతుంది.

అయితే అందులోనూ ఒక వాగుంది. నీటి మీద వెలుగు కదులుతుంది, ఎండుటాకులు తేలుతూ పోతాయి. నేను విలుకత్తెను దాని ఒడ్డుకు తీసుకుపోయాను. కీబోర్డు మీద ఉన్న మీటలన్నీ వరుసగా నొక్కాను. మోకాళ్ల లోతుకు దిగి నిలబడింది. దూకింది. బాణం వేసింది. సంచీలో ఉన్న మందు సీసా తాగింది. వాగు నీళ్లు మాత్రం తాగలేదు. తయారు చేసినవారు ఆ పనిని ముందుగా రాసిపెట్టలేదు. అక్క ఇంట్లో దాన్ని ఎవరూ ముందుగా రాసిపెట్టవలసిన అవసరం రాలేదు. ఆమె తాగతాది అంది, అంతే, తాగింది.

పోయిన నెల నీలం పుస్తకం తీసుకుని కుప్పం వెళ్లాను. మిత్రుడు వరండాలో కూర్చుని ఉన్నాడు. సంగతి సూటిగానే అడిగాను.

"నలభై నాలుగో ఆదివారం మళ్లా ఆడదామా సామీ? చేట అడ్డం పెట్టుకో. నేను ఎంచను."

అతను తల అడ్డంగా ఊపాడు. "ఆ పని నీ కంప్యూటర్లో అయితాది. నోటితో ఆడింది ఎనక్కి రాదప్పా."

"యాల అట్ల చేస్తివి?"

"తొమ్మిదో వారం నువ్వు పాలకు పోయింటివి, గుర్తుండాదా? అప్పుడు అక్క చెప్పింది. 'ఈ బిడ్డ తాగతాంటే నాకు గొంతు తడి అయితాదప్పా, ఆ పొద్దు సీసాలో రెండు గీతలు మిగలతాయి' అని. ఇంగ దాన్నెట్ల సంపేది?"

సీసాలో ఆదివారాల్లో నీళ్లు మిగలడం నేనూ గమనించాను. కారణం అడగలేదు.

"ఆ అరవై మూడు సార్లు పాచిక మీద నిజంగా ఎంతెంత పడింది?" అన్నాను చివరికి.

"నేను సూస్తే గదా! ఆయమ్మ మొగం సూస్తా నోటికొచ్చింది చెప్పినా."

తిరుగు ప్రయాణంలో బస్సు పలమనేరులో ఆగినప్పుడు పుస్తకం తెరిచాను. అరవై మూడు అంకెలు, కొలవకుండా రాసినవి. జేబులోంచి ఎర్ర సిరా కలం తీశాను. బస్సు కదిలేదాకా అలాగే పట్టుకుని కూర్చుని, మూత పెట్టేశాను. ఆఖరి పుటలో నలభై నాలుగో ఆదివారం కింద పదిహేడు, పందొమ్మిది, పదహారు అని ఉంది. అవి పళ్లెంలో చూసి నేనే రాసినవి. వాటిలో తప్పు లేదు.