నాన్న ఎదుట మేం మార్చిన భాష

తమిళనాడు ధర్మపురిలో మాది పాత్రల కొట్టు. కొనేవాళ్లు తమిళం వాళ్లు, ఇంట్లో మాది తెలుగు. గిరాకీ ఎదుట మాలో మేం అనుకోవలసింది ఏదైనా తెలుగులోనే అనుకోవాలి. అది నాన్న పెట్టిన కట్టుబాటు. "ఇంక తగ్గించొద్దు, ఈయమ్మ తీసుకోకుండా పోదు" అని ఆయన నవ్వు ముఖంతో అంటే, కారిమంగళం నుంచి వచ్చినావిడ కూడా నవ్వేది.

ఆ విద్యే తమ్ముడికీ నాకూ అబ్బింది. సినిమాలో గ్రహాంతరవాసులు మాట్లాడాలని ఎవరో కూర్చిన క్లింగాన్ భాషను వాడు ఫోన్‌లో నేర్చుకుని నాకూ అంటించాడు. ఇద్దరికీ వచ్చింది అంతంత మాత్రమే. అందుకని మాటల తొలి ముక్కలు అతికించి పొట్టి మాటలు చేసుకున్నాం. 'ఖన్ వవ్' అంటే తండ్రి ముసలివాడయ్యాడని. దాన్ని 'ఖవ' చేశాం. లోపలి అర్థం వేరే పెట్టుకున్నాం: కొట్టు అద్దెకిచ్చేయాలి.

నాన్న చేతులు వణుకుతున్నాయి. తూకం వేస్తుంటే బిందెలు జారిపోతున్నాయి. అడిగితే ఒప్పుకోడని భయపడి, ఆయన పక్కన కూర్చునే అంతా మాట్లాడుకున్నాం. ఆయన చెంబులు తుడుస్తుంటే 'ఖవ' అనుకుని నవ్వుకున్నాం కూడా. ఇప్పుడు తలుచుకుంటే తల కొట్టేసినట్టుంది.

మొన్న సెల్‌ఫోన్ల వ్యాపారి ఒకాయన కొట్టు చూడ్డానికి వచ్చాడు. గిరాకీ అని నాన్నతో అబద్ధం చెప్పాను. తమ్ముడు నావైపు చూసి 'ఖవ' అన్నాడు. ఆ వ్యాపారి వెళ్లాక నాన్న అన్నాడు.

"ఆయన ఒక్క గిన్నె గూడ ముట్టలేదు. గోడలు చూసి పోయినాడు. అంగడి వాడగకు ఎప్పుడు ఇచ్చేది పాపా?"

"నైనా, నీకెట్ల తెలిసె?"

"మీ బాస నాకు రాదు. మనిషి ముందర బాస మార్చేది ఎందుకని తెలీదా? నేర్పించినోణ్ణే నేను గదా."

తాతకు దగ్గులు నేర్పబోయాం. తమ్ముడు తల ఎత్తలేదు. నాన్న కోప్పడి ఉంటే బాగుండేది. చేతిలో చెంబు పక్కన పెట్టి, మెల్లగా అన్నాడు.

"గిరాకీకి తెలిసిపోతే లేచి ఇంకో కడకు పోతాది. నేను యాడికి లేచి పోయేదిమ్మా?"