మ్యాపు మీద కుంకుమ

అమలాపురంలో మాకు జర్మన్ నేర్పిన మేడమ్‌గారికి ఒక అలవాటుండేది. ఉద్యోగం వచ్చిన ప్రతి నర్సు పేరునా, గోడమీది జర్మనీ మ్యాపులో ఆ పిల్ల వెళ్లబోయే ఊరికి కుంకుమ బొట్టు పెట్టేవారు. పెట్టి, అక్కడేదో అమ్మవారున్నట్టు, "మా పిల్లను చల్లగా చూడు తల్లీ" అని ఆ ఊరితో అనేవారు.

జర్మనీలో నాకు ఉద్యోగమొచ్చిన రాష్ట్రంలో ఆ వారమే ఎన్నికలు జరిగాయి. బయటి దేశాలవాళ్లను వెనక్కి పంపేస్తామన్న పార్టీకే అందరికంటే ఎక్కువ సీట్లొచ్చాయి. అప్పటికే అక్కడ పనిచేస్తున్న మా సీనియర్ ఒకమ్మాయి మేడమ్‌గారికి ఫోన్ చేసి ఏడ్చింది.

"నేను రోజూ స్నానం చేయించే పెద్దాయన కూడా వాళ్లకే ఓటేసేడటండీ. నవ్వుతూ చెప్పేడండీ."

"మరి ఇవాళ చేయించేవా అమ్మా?"

"ఆయ్, చేయించేనండీ."

ఫోన్ పెట్టేసి మేడమ్‌గారు నన్నడిగారు. "ఇంకోచోటు చూద్దామా?"

రెండేళ్లు వెతికితే దొరికింది ఇదొక్కటే. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. వద్దన్నట్టు తల ఊపాను.

కుంకుమలో వేలు ముంచి నా ఊరికి బొట్టు పెట్టారు. ఊరితో మాత్రం ఏమీ అనలేదు. నావైపు తిరిగి, "ఓర్చుకో తల్లీ" అన్నారు.