ఉపవాసంలో మానిన మాత్ర

నా పెనిమిటిని మరణపు వాకిటి నుండి వెనక్కి తెచ్చిన దేవునికే మహిమ. ఆయన కృప లేకుంటే ఈ నాలుగు మాటలు రాయగలిగేదాన్ని కాను.

నా భర్త జమ్మలమడుగు దగ్గరి పల్లెలో మా క్రైస్తవ సంఘానికి వాక్యం చెప్పే ఉపదేశి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు, ఒక ఆదివారం ఆరాధనలో, కంఠతా వచ్చిన కీర్తన ముగించి మళ్ళీ మొదటి నుండి చెప్పారు. ఆపైన మూడోసారి. సంఘమంతా "ఆమేన్" అంది. "అయ్యగారి మీదికి ఆత్మ దిగిండాది" అన్నాడు సంఘపెద్ద యోహాను మామ. మా ఆయన మాత్రం దారి తప్పినవాడిలా నా వైపు చూశారు. మరునాడే ఆయన్ని ఆసుపత్రికి తీసుకుపోయాను.

జమ్మలమడుగు ఆసుపత్రిలో డాక్టరమ్మ బ్లడ్ ప్రెషర్ చూసింది. కళ్ళలోకి లైటు వేసి చూసింది. "ప్రెషర్ చాలా ఎక్కువ. మెదడులో సన్నటి రక్తనాళాలు దెబ్బతిన్నట్టున్నాయి. ఇది చిన్న స్ట్రోక్. ఇంకొకటి వస్తే జ్ఞాపకం మరింత పోతుంది. మాత్ర ఒక్కరోజు కూడా మానకూడదు, ఉప్పు తగ్గించాలి" అంది.

సంఘం ఆయన కోసం వారం రోజులు ఉపవాస ప్రార్థన పెట్టింది.

"నా కోసరం వాళ్ళు పస్తులుంటే నేను మాత్ర మింగేదా? రేపు వాళ్ళ మొగం ఎట్ల సూసేదే?" అన్నారాయన.

మింగమంటే నాది అవిశ్వాసమవుతుందేమోనని ఊరుకున్నాను. ఆ తప్పు నాది కూడా.

అయిదోనాడు ఆయన కుడిచెయ్యి పడిపోయింది. ఆసుపత్రిలో గంజి తాపుతుంటే, "ఎవురమ్మా నువ్వు? శానా మంచిదానివి" అన్నారు. మా పెళ్ళయి ఇరవై ఏళ్ళు.

"ఉపవాసం అన్నానికే, మందుకు కాదమ్మా" అని డాక్టరమ్మ మందలించింది. "పోయినదంతా తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకుందాం."

మూడు వారాలు నేను ఆయనకు ఎవరో ఆడమనిషినే. ఒక ఉదయం గంజి నోట పెట్టగానే మొగం చిట్లించారు.

"సుగుణా, ఉప్పు యాడబోయిందే? మతిమరుపు నాకా, నీకా?"

నవ్వుతూనే ఏడ్చాను.

ఇప్పుడు చెయ్యి కొంచెం ఆడుతుంది. కంఠతా చెప్పలేరు, వేలు పెట్టి చదువుతారు. చదివిన వచనానికే తిరిగి వస్తే ఎవరూ ఆమేన్ అనరు. "అది అయిపాయె అయ్యగారూ, కిందికి రాండి" అంటాడు యోహాను మామ.

ఉపవాసమున్నా, ఒళ్ళు బాగున్నట్టు తోచినా, డాక్టరును అడగకుండా ప్రెషర్ మాత్ర మానకండి. ఆయన మాత్ర మింగాకే మేము ప్రార్థనకు కూర్చుంటాం. మాత్ర ఇచ్చే ముందు రోజూ ఆయన్ని నా పేరు అడుగుతాను. రేపు ఉదయం కూడా ఆ పేరు ఆయన నోట ఉండాలని నాతోపాటు ప్రార్థించండి.