దేవుని డబ్బాలో ఎనిమిది కిలోలు

మార్చి ఒకటో తారీఖు, గురువారం పొద్దున, బీదర్ పక్కనున్న చిద్రిలో తబితా ఇంట్లో ఉన్న జొన్నలు రెండు కిలోల మూడు వందల గ్రాములు. కందిపప్పు పావుకిలోకు తక్కువ. నూనె సీసా అడుగున రెండు వేళ్ళ మందం. వీటిని తూచి రాసుకున్నవాడు ఈరయ్య. తక్కెడ, రాళ్ళు సంచిలో వేసుకుని బీదర్ కచేరీ నుంచి సైకిల్ మీద వచ్చిన గుమాస్తా.

అది 1973. వానలు మొహం చాటేసి రెండో ఏడు. తబితా మొగుడు జీవరాజ్ కరువు పనిలో కంకర కొడుతున్నాడు, రోజుకు రెండున్నర. తబితా రెండిళ్ళలో గిన్నెలు తోమితే నెలకు పాతిక. మొత్తం కలిపితే వారానికి ఇరవై ఒక్క రూపాయి. తినేవాళ్ళు ఐదుగురు. ఆఖరిది లీయా, మూడేళ్ళ పిల్ల. నెల రోజుల నుంచి దాని పాదాలు ఉబ్బుతున్నాయి. వేలితో నొక్కితే గుంట పడి అట్లాగే ఉంటోంది. ఆ పిల్లకు పాలు కావాలి. పాలపొడి సర్కారు ఇస్తానంటోంది. ఎవరికి ఇవ్వాలో తేల్చడానికే ఈ తూకాలు.

ఈరయ్య దగ్గర ఒక అచ్చు కాగితం ఉంది. మనిషి ఆరోగ్యంగా ఉండాలంటే రోజుకు జొన్నలెన్ని, పప్పెంత, ఆకుకూరెంత, నూనెంత, పాలెన్ని అని అందులో ఉంది. అంగడి ధరలతో గుణిస్తే తబితా ఇంటికి వారానికి నలభై రూపాయల తిండి పడాలి. అందులో మూడింట రెండు వంతుల కంటే, అంటే ఇరవై ఆరు రూపాయల డెబ్భై పైసల కంటే, తక్కువ తింటున్న ఇంటికి పాలపొడి రాస్తారు. వాళ్ళు ఏం తింటున్నారో నోటిమాటగా అడిగితే ఎవరూ సరిగా చెప్పరని పద్ధతి ఒకటి పెట్టారు. ఈ గురువారం ఇంట్లో ఉన్నదంతా తూచాలి. వచ్చే గురువారం మిగిలింది తూచాలి. మధ్యలో కొన్నది కలుపుకోవాలి. తగ్గినదంతా తిన్నట్టు.

ఈరయ్య కుండలు ఒక్కొక్కటే వంచి చూస్తున్నాడు. "దీంట్ల ఏం లేదు. దీంట్ల గూడ ఏం లేదు. బియ్యం ఉన్నయా అమ్మా?"

"పండుగకే సారూ."

"ఏ పండుగ?"

"వచ్చినప్పుడు చెప్త తియ్యి."

ఈరయ్య నవ్వాడు. వాకిట్లో నిలబడ్డ దయమ్మ కూడా నవ్వింది. ఆమెది పక్కిల్లు, తూకం అప్పుడే అయిపోయింది. తబితా మాత్రం నవ్వలేదు. తన ఖాళీ కుండలను పరాయి మగవాడు, పక్కింటి ఆడది వరసగా చూస్తుంటే ఆమెకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అప్పుడు ఈరయ్య మంచం కింద డాల్డా డబ్బా చూశాడు. బయటికి లాగి మూత తీశాడు. గొంతు దాకా జొన్నలు, అక్కడక్కడ బియ్యం గింజలు. దయమ్మ అప్పటికే కొడుకు ఏడుపు విని వెళ్ళిపోయింది.

"ఇది మీదేనా?"

ఆ డబ్బా దేవుడిది. గల్లీలోని పద్నాలుగు క్రైస్తవుల ఇళ్ళలోనూ ఆడవాళ్ళు జొన్నలు విసరడానికి తీసినప్పుడు ముందు ఒక పిడికెడు తీసి వేరే ముంతలో వేస్తారు. నెల తిరిగేసరికి తబితా ఇంటింటికీ పోయి ఆ ముంతలు తన డబ్బాలో ఒంపుకొస్తుంది. మొదటి ఆదివారం గుడికి చేరుస్తుంది. ఐదూళ్ళు సైకిల్ మీద తిరిగే పాస్టర్ ఫిలిప్పు గారికి నెల గ్రాసం అదే. అత్త చేసిన పని, అత్త పోయాక కోడలికి వచ్చింది. ఆ బుధవారమే ఆమె గల్లీ అంతా తిరిగి వచ్చింది.

"మాదే సారూ," అంది తబితా.

ఎందుకన్నదో ఆమెకు తెలుసు. ఆ పొద్దున ఆ ఇంట్లో నిండుగా కనిపించింది అదొక్కటే. ఈరయ్య తూచాడు. ఎనిమిది కిలోలు. రాసుకున్నాడు. తబితా వేలిముద్ర వేసింది.

ఆదివారం డబ్బా గుడికి పోయింది. తర్వాతి గురువారం ఈరయ్య వచ్చినప్పుడు డబ్బా బోర్లించి ఉంది.

"అయిపోయినయా?"

"అయిపోయినయ్ సారూ. జర చూసి రాయున్రి."

ఆ రోజు ఆమెకు సిగ్గు వేయలేదు. ఇల్లు ఎంత ఖాళీగా ఉంటే సర్కారు అంత జాలి పడుతుందనుకుంది. ఈరయ్య అడిగిన ప్రతిదానికీ ఉన్నది ఉన్నట్టే చెప్పింది. ఒక్కటి తప్ప.

పదిహేను రోజులకు జాబితా చదివారు. పద్నాలుగు ఇళ్ళలో తొమ్మిది ఇళ్ళ పేర్లు. తబితా పేరు లేదు. అడిగితే కాగితం చూపించారు: వారానికి తిన్నది ముప్పై రూపాయల ఇరవై పైసలు.

దయమ్మ వాకిట్లోంచే అరిచింది. "ఏం తబితమ్మా, ముప్పై రూపాయలది తింటున్రంట! ఒక్కనాడన్న మా పిల్లగానికి ఇంత బుక్కెడు పెట్టకపోతివి!"

తబితా తలుపు దగ్గరికి వేసింది.

రాత్రి జీవరాజ్ వేళ్ళు మడిచి లెక్క వేశాడు. "మనకొచ్చేదే ఇరవై ఒకటి. ముప్పై ఎట్ల తింటం?" ఆ మాట నిజమే. కానీ ఆ కాగితంలో కూలికి గడి లేదు. తబితా అప్పుడు డబ్బా సంగతి చెప్పింది. జీవరాజ్ మడిచిన వేళ్ళు విప్పాడు. "మా అమ్మ ఉంటే దేవునిదే అని చెప్తుండె," అన్నాడు. అంతకంటే పెద్ద మాట ఆ ఇంట్లో లేదు.

మర్నాడు ఆమె కచేరీకి నడిచి వెళ్ళింది. ఈరయ్య విని పెన్సిల్ తీసుకున్నాడు. ఎనిమిది కిలోలు, కిలో రూపాయి నలభై. పదకొండు రూపాయల ఇరవై పైసలు. ముప్పై ఇరవైలోంచి తీసేస్తే పంతొమ్మిది. ఆ అంకె చుట్టూ గుండ్రంగా గీశాడు.

"సగం గూడ లేదు గదమ్మా. ఆనాడే చెప్తే ఏమైతుండె?"

"షరమైంది సారూ."

"ఇప్పుడు దిద్దాలంటే ఆ డబ్బల పిడికెడేసిన ఇండ్లన్నీ దిద్దాలె. వాళ్ళు తీసిన పిడికెళ్ళు గూడ తిన్నట్టే రాసిన. గల్లీ పట్టీ మొత్తం ఎనక్కి పిలిపించాలె. మళ్ళ తూకం. తక్కువల తక్కువ నెలన్నర. అందాక గల్లీల ఒక్కరికి గూడ పొడి రాదు." పెన్సిల్ కాగితం మీదే ఉంచాడు. "రాయమంటె రాస్త. తప్పు నాది గూడ ఉన్నది."

తబితా తొమ్మిది ఇళ్ళనూ తలుచుకుంది. దయమ్మ కొడుకుకు జుట్టు ఎర్రబడింది. రిబ్కా కూతురు లేచి నిలబడడం మానేసింది.

"ఇంకో మోకా ఉంటదా సారూ?"

"మే నెలల మళ్ళ తూస్తం."

"అయితే ఉండనియ్యున్రి."

ఆ మాట ఆమె గల్లీలో ఎవరికీ చెప్పలేదు. పాలపొడి వచ్చింది. కానీ ఇళ్ళకు ఇవ్వరు. ఇళ్ళకిస్తే అమ్ముకుంటారని బడి వరండాలో ఆయా కలిపి పోస్తుంది, పేరున్న పిల్లలు అక్కడే తాగి గ్లాసు తిరిగివ్వాలి. రెండో రోజు కొడుకు సగం తాగాక దయమ్మ ఆ గ్లాసును, తబితాతో అటు వచ్చిన లీయా నోటికి అందించబోయింది. ఆయా చెయ్యి అడ్డం పెట్టింది.

"పేరు లేదమ్మా. నా నౌకరీ పోతది."

"అది నీ బర్రె పాలు గాదు, సర్కారు పొడి! నీ అత్తింటి సొమ్మా?" అని దయమ్మ తిట్టింది. తిట్టు తిట్టుగానే మిగిలింది. తబితా పిల్లను ఎత్తుకుని ఇంటికి వచ్చింది. మరుసటి రోజు నుంచి ఆ దారిన పోలేదు.

ఏప్రిల్ మొదటి ఆదివారానికి డబ్బాలో ఐదు కిలోలే వచ్చాయి. తబితా ముంతలో కూడా పిడికెడు పడింది, రోజూ కాకపోయినా.

మే నెలలో ఈరయ్య వచ్చాడు. గడప దాటుతూనే డబ్బా ఎవరిదని అడిగాడు. తబితా చెప్పింది. ఆయన దాన్ని తూచకుండా పక్కన పెట్టాడు. వారం తర్వాత లెక్క పదిహేడున్నర రూపాయలు తేలింది. ఈసారి తబితా పేరు జాబితాలో చేరింది. పాలపొడి జూన్ నుంచి.

రెండు నెలల్లోనూ అదే తక్కెడలో, జొన్నలు తూచిన చోటే, లీయాను కూడా కూర్చోబెట్టి తూచారు. మార్చిలో తొమ్మిది కిలోల రెండు వందలు. మేలో ఎనిమిది కిలోల నాలుగు వందలు.