ఆవకాయ జాడీ మీది పేరు

చేపల తొట్టి మీద ఒకాయన పేరు రాయిస్తానని కిరండూల్ క్లబ్బు సెక్రటరీ మాట ఇచ్చి తప్పాడు. ఆ పేరు గల మనిషి మొన్న మంగళవారం విశాఖలో, కూతురింట్లో పోయాడు. "నాన్న మద్దేనం కునుకు తీసి మరి లెగనేదు, మావయ్యా," అని ఆ అమ్మాయి ఫోన్ చేసింది.

ఆయన అప్పట్లో కిరండూల్ ఇనుప గనుల్లో నీళ్ల పంపు ఆపరేటరు, శ్రీకాకుళం వైపు మనిషి, మా పక్క క్వార్టరు. నేను స్టోర్సు గుమాస్తాని. క్లబ్బు లైబ్రరీలో నేను చదవని పుస్తకం లేదు. ఆ గీరతోనే, క్లబ్బు చేపల తొట్టిలో ఎక్కువైన నీళ్లు పోవడానికి అద్దానికి బెజ్జం పెట్టించమన్నాను. అద్దం నిలువునా చీలింది. కొత్త తొట్టి వచ్చిన రోజున ఆయన నన్నొక్క మాటైనా అనకుండా ఇంట్లోంచి రెండు ఆవకాయ జాడీలు మోసుకొచ్చాడు.

"ఇవెందుకండీ?" అన్నాను.

"ఊరగాయి అయిపోనాది బాబూ. ఈటికీ డూటీ ఎయ్యాలి కదేటి!"

చిన్న జాడీని తొట్టి లోపల, మూతి నీటిమట్టానికి వచ్చేలా కట్టాడు. పెద్దదాన్ని బయట స్టూలు మీద, మూతి దానికి కాస్త దిగువన ఉండేలా పెట్టాడు. నీళ్లు నింపిన గొట్టాన్ని తొట్టి అంచు మీదుగా వంచి, చెరో కొసా చెరో జాడీలో ముంచాడు. బయటి జాడీ పొర్లితే నీళ్లు కింది డ్రమ్ములో పడతాయి, మోటారు వాటిని మళ్లీ తొట్టిలోకి తోస్తుంది. కరెంటు పోతే మోటారు ఆగుతుంది, రెండు జాడీల్లో నీటిమట్టం ఒకటై ధారా ఆగుతుంది. కానీ కొసలు మునిగే ఉంటాయి గనక గొట్టంలోకి గాలి దూరదు. కరెంటు రాగానే ధార దానంతటదే మొదలవుతుంది.

"నెల్లాళ్లు నేల తడవకపోతే తొట్టి మీద నీ పేరే," అన్నాడు సెక్రటరీ.

ఆయన మురిసిపోయాడు. "మా గుంట ఇప్పుడిప్పుడే అచ్చరాలు కూడబలుకుతంది బాబూ. అయ్య పేరు దానిసేత సదివిస్తాను."

రోజూ డ్యూటీకి ముందు వచ్చి, భుజం మీది తువ్వాలుతో అద్దం మీది ఎర్రధూళి తుడిచేవాడు. గొట్టాన్ని గోటితో టకటకలాడించి బుడగల్ని కదిలించేవాడు. "గాలెప్పుడూ పైవొంపులోనే కూకుంటాది, మన సెక్రటరీ బాబునాగ," అనేవాడు. నెల గడిచింది. నేల మీద చుక్క పడలేదు.

గనుల పెద్దసాబు తొట్టిని ప్రారంభించడానికి వచ్చే రోజున సెక్రటరీ బయటి జాడీని చూసి, "ఈ అచార్ సామాను ఏమిటి? హటావో!" అని తీయించి, గొట్టాన్ని తిన్నగా డ్రమ్ములోకి వదిలించాడు. తొట్టి మీది గుడ్డ తొలగగానే ముందు వరసలో ఉన్న ఆయన కూతురు కూడబలుక్కుని చదివి గట్టిగా అంది: "నాన్నా, ఇది నీ పేరు కాదు!"

అది సెక్రటరీ పేరు.

సెక్రటరీ ఉపన్యాసం మధ్యలో కరెంటు పోయి వచ్చింది. మోటారు తోస్తోంది, గాలి పట్టిన గొట్టం లాగడం లేదు. తొట్టి పొర్లి సెక్రటరీ బూట్లలోకి నీళ్లు. హాలు హాలంతా పంపు ఆపరేటరు పేరు పెట్టి కేకలేసింది. ఆయన పరిగెత్తుకొచ్చి, "జాడీ తీసీసినారేటి బాబూ!" అంటూ గొట్టాన్ని నోటితో లాగి, చేపనీళ్లు ఉమ్మి, పగలబడి నవ్వాడు. పెద్దసాబూ నవ్వాడు. నేను జీవితంలో అంత నవ్వింది మళ్లీ లేదు.

తొట్టి మీది పేరు మాత్రం మారలేదు. "పోన్లెండి బాబూ, ఊరంతా పిలిసినారు కదా," అని ఆయన ఎప్పుడో మరిచిపోయాడు. నేను మరవలేదు.

ఆ అమ్మాయి ఇంట్లో ఇప్పుడు చిన్న తొట్టి ఉందట. పక్కన అదే పెద్ద జాడీ. ఫోన్లో నీళ్లు పొర్లే చప్పుడు నాకూ వినిపించింది. మొన్న ఏడుస్తూనే ఆ జాడీ మీద నాన్న పేరు ఎర్ర రంగుతో రాసిందట.

ఆ పేరు రాయించాల్సిన మనిషి ఆ పిల్ల కాదు. కిరండూల్ క్లబ్బు సెక్రటరీ.