ఆ పేరుగలవారు ఇక్కడ లేరు

"పోలీసు విచారణలో దరఖాస్తుదారు సదరు చిరునామాలో నివసించుట లేదని తేలినందున మీ పాస్‌పోర్టు దరఖాస్తు నిలిపివేయబడినది."

ఫోనులో ఈ సందేశం వచ్చేటప్పటికి ఆవిడ సదరు చిరునామాలోనే, వంటింటి గట్టుకు ఆనుకుని, పెద్దాయన మాత్రను రెండు చెంచాల మధ్య నొక్కి పొడి చేస్తోంది. కోపం కన్నా ముందు ఆశ్చర్యం వేసింది. నేనిక్కడ లేనని ఎవరికి తేలింది? ఎలా తేలింది?

మంచం పట్టినవాళ్ళను చూసుకోవడం ఆవిడ పని. నర్సింగ్ బ్యూరో ఎక్కడికి పంపితే అక్కడే తిండి, అక్కడే పడక. రోగి లేచి తిరిగినా, కన్నుమూసినా ఇల్లు మారాల్సిందే. ఒక ఇంట్లో బాల్కనీలో పడుకుంది, ఇంకో ఇంట్లో ఎవరూ చదవని పుస్తకాల బీరువా పక్కన. కొత్త ఇంటికి వెళ్ళగానే ముందు నేర్చుకునేది స్విచ్చులు. చీకట్లో రోగి మూలిగితే తడుముకునే వ్యవధి ఉండదు.

ఈ మూడో అంతస్తు ఫ్లాటుకు వచ్చి రెండేళ్ళు దాటింది. పెద్దాయన అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది గాని నోరు పడిపోలేదు. ఉప్పయినా, టీవీ అయినా, స్నానమయినా ఆవిడ ఒకసారి చెప్పాక ఇక మార్పుండదని "జడ్జిగారు" అని పేరు పెట్టాడు. ఆయన కూతురు బీమా కంపెనీలో పనిచేస్తుంది. మన ఆవిడను "అక్కా" అంటుంది. వాచ్‌మన్ "మూడో అంతస్తు ఆయమ్మ" అంటాడు. జీతం బ్యూరోకు వెళ్ళి అక్కణ్ణుంచి ఆవిడకు వస్తుంది. ఆధారాల కాగితాలన్నీ బ్యూరోవాళ్ళే చూసుకున్నారు. దాంతో ఆవిడ అసలు పేరు పలకాల్సిన అవసరం ఆ ఇంట్లో ఎవరికీ పడలేదు.

ఆవిడకు ఒక్కతే చెల్లెలు. పరాయి దేశంలో, ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పని. పెళ్ళయిన ఇన్నేళ్ళకు, రెండుసార్లు నిలవక పోయాక, మళ్ళీ కడుపుతో ఉంది. "ఊళ్ళో వాళ్ళందరికీ చేస్తావు, నాకొచ్చేసరికి ఫోనులోనేనా అక్కా?" అని ఏడ్చింది. టికెట్టు తనే కొంటానంది. ఆవిడ సెలవు రోజున నెట్ సెంటరుకు వెళ్ళి పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టుకుంది. ఇంట్లో చెప్పలేదు. చెబితే వీళ్ళు ముందుజాగ్రత్తగా వేరే మనిషిని చూసుకుంటారు. తీరా పాస్‌పోర్టు రాకపోతే రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది.

ఇప్పుడు పాస్‌పోర్టు రానే లేదు. చెల్లెలికి ఏడో నెల.

చెత్తబుట్ట దించే వంకతో కిందికి వెళ్ళింది. వాచ్‌మన్ మెట్ల కింద కూర్చుని పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు.

"అన్నా, ఈమధ్య పోలీసాయన ఎవరన్నా వచ్చారా?"

"ఆదివారం పొద్దున వచ్చాడు. ఎవరో ఆడమనిషి పేరు చెప్పి ఉందా అన్నాడు. మన బిల్డింగులో అలాంటి మనిషే లేదన్నా. నమ్మాడా? పైకెళ్ళి మీ తలుపు కొట్టాడు. పోలీసువాళ్ళకి అనుమానం ఎక్కువ."

"ఏం పేరు?"

వాచ్‌మన్ కళ్ళు మూసుకుని గుర్తు చేసుకుని చెప్పాడు.

"అది నేనే."

వాచ్‌మన్ నోట్లోంచి పుల్ల తీశాడు. "నువ్వా? నీకు పేరుందా?"

"మీ అమ్మ నిన్ను వాచ్‌మనూ అనే పిలిచేదా?"

"అది కాదు ఆయమ్మా... మంచి పేరే. ముందే చెప్పుంటే పోయేది కదా."

ఆదివారం పొద్దున అంటే పెద్దాయన స్నానం. బాత్‌రూములో కుళాయి హోరులో ఆవిడకేమీ వినబడదు. తలుపు తీసే మనిషి ఇంట్లో ఇంకొక్కరే. ఆ సాయంత్రం కూతురు ఆఫీసు నుంచి వచ్చి భోంచేసి లేచేదాకా ఆగి అడిగింది.

"అమ్మాయిగారూ, ఆదివారం పోలీసు వచ్చాడా?"

"అయ్యో, అవునక్కా. ఎవరో ఆవిడ కోసం వచ్చాడు. ఫ్లాటు నంబరు తప్పేమో, ఆ పేరుగలవాళ్ళు ఇక్కడ లేరని చెప్పి పంపించేశా. ఏం?"

"ఆ పేరు నాదమ్మా."

కూతురు కంచం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. లోపలి గదిలోంచి పెద్దాయన గొంతు వినిపించింది. "ఏవిటీ? జడ్జిగారి కోసం పోలీసులా? కలికాలం!"

"మరి నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెబితే ఇంకొకర్ని పెట్టుకుంటారని."

"అంటే... వెళ్ళిపోతున్నావా?"

"మూడు నెలలే. చెల్లెలి కాన్పు."

ఆ రాత్రి కూతురుకు సరిగా నిద్ర పట్టలేదు. ఇంట్లో ఉన్న మనిషిని తన నోటితోనే లేకుండా చేసింది. ఇప్పుడు అదే నోటితో ఉందని చెబితే, ఆ మనిషి వెళ్ళిపోతుంది. చెప్పకుండా ఊరుకుంటే ఎవరూ తప్పుపట్టలేరు కూడా. పొద్దున్నే ఆఫీసుకు సెలవు పెట్టింది.

"పదక్కా. లేరన్నదాన్ని నేనే, ఉన్నారని చెప్పాల్సిందీ నేనే."

పాస్‌పోర్టు ఆఫీసులో మళ్ళీ విచారణ జరపమని అర్జీ ఇచ్చి వచ్చారు. కొద్ది రోజులకు ఫైలు తిరిగి అదే స్టేషనుకు వచ్చింది. రమ్మని ఫోను రాగానే, పెద్దాయన దగ్గర వాచ్‌మన్‌ను కూర్చోబెట్టి ఇద్దరూ వెళ్ళారు. స్టేషనులో ఒక మూల బల్ల మీద కంప్యూటరు, దాని ముందు ఆదివారం వచ్చిన కానిస్టేబులే.

"ఆవేళ లేరన్నది మీరే కదా మేడమ్?"

"నేనే. పొరపాటు."

"ఇప్పుడున్నారా?"

"ఇదిగో, పక్కనే ఉంది."

కానిస్టేబులు తెర మీది ఫోటోనూ ఆవిడనూ మార్చి మార్చి చూశాడు. "ఆవేళ లోపల్నుంచి 'కదలొద్దు సారూ, కళ్ళల్లో సబ్బు పడుతుంది' అని ఎవరో కేకలేశారు..."

"నేనే సార్."

"అక్కడే దొరికిపోయేవారు! నేనే వదిలేశా."

కూతురు గొంతు సవరించుకుంది. "మళ్ళీ ఇంటికెప్పుడొస్తారు? ఎదురింటివాళ్ళకి కూడా చెప్పి ఉంచాను."

"రాను మేడమ్. ఈ నెల నుంచి పద్ధతి మారింది. ఇంటికి రావడాలు, ఇరుగుపొరుగు సంతకాలు ఏవీ లేవు. కేసులున్నాయా లేవా, అంతే." రెండు మీటలు నొక్కి కాసేపు చూశాడు. "లేవు. పంపించేశా."

"అంతేనా? ఎలాంటి మనిషో అడగరా?"

"ఇంటికొచ్చి అడిగితే మాత్రం ఏం తెలిసింది మేడమ్?"

కూతురు మొహం ఎర్రబడింది. కానిస్టేబులు వెటకారానికి అనలేదు. ఎండలో మెట్లెక్కి దిగిన మనిషి మామూలుగా అన్నాడంతే. ఈలోగా ఆవిడే బల్ల మీదికి వంగి అడిగింది.

"పాత పద్ధతిలో అయితే జనం ఏం చెప్పేవారు సార్?"

"అందరిదీ ఒకటే పాట. 'మంచివాళ్ళేనండీ, వాళ్ళ పనేదో వాళ్ళు చూసుకుంటారు.' తెలీదని దానర్థం."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో పక్కపక్కన సీట్లు దొరికాయి.

"అమ్మాయిగారూ, అడిగితే మీరేం చెబుదామనుకున్నారు?"

"మంచిదానివనే అక్కా..."

"తెలీదన్నమాట."

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వు తగ్గాక కూతురు, "మీ అమ్మానాన్నలు ఉన్నారా అక్కా? వాళ్ళేం చేసేవారు?" అని మొదలుపెట్టింది. నాన్న ఇటుక బట్టీలో పనిచేసేవాడని, చెల్లెల్ని చంకనేసుకునే తను బడికి వెళ్ళేదని, అందుకే ఐదో తరగతిలో మేష్టారు ఇద్దరికీ కలిపి ఒకే పలక ఇచ్చారని ఆవిడ చెప్పింది. చెబుతుంటే దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

వెనక్కి నడుస్తూ కూతురు అంది, "బ్యూరోకి చెబుతాను, మూడు నెలలకే వేరే మనిషి కావాలని. నువ్వు రాగానే నీ పని నీదే. వెళ్ళడం ఖాయమని నాన్నకి మాత్రం నువ్వే చెప్పాలి. నావల్ల కాదు."

పెద్దాయన వాచ్‌మన్‌ను ఎప్పుడో పంపించేసి తలుపు వైపే చూస్తున్నాడు.

"కేసేమైంది?"

"కేసులేవీ లేవని తేలింది సారూ. వారంలో పాస్‌పోర్టు వస్తుందట."

"అంత తొందరగానా? పోలీసులు ఇంటికి రారా?"

"ఇక రారట."

"అదేం పద్ధతి! ఇంట్లోవాళ్ళని అడగొద్దూ? నన్నడగొద్దూ?"

"అడిగితే ఏం చెప్పేవారు?"

పెద్దాయన ఎడమచేత్తో దుప్పటి అంచు పైకి లాక్కున్నాడు. "ఈ మనిషిని ఎక్కడికీ పంపొద్దని చెప్పేవాణ్ణి."

"అందుకే రావడం మానేశారు సారూ," అంటూ ఆవిడ దుప్పటి సర్దింది.

చెల్లెలు పంపిన కాగితాలతో వీసా కూడా తొందరగానే వచ్చింది. ఆవిడ విమానం ఎక్కేనాటికి చెల్లెలికి ఎనిమిదో నెల ఇంకా నిండలేదు.