తస్బీ పూసలో ముక్కుపురుగు

ఏడో తరగతిలోనే నేను బడి మానేశాను. బడి కూడా పెద్దగా బాధపడినట్టు లేదు. ఇప్పుడు అరబ్బు దేశంలో, అజైబాలో ఒక తస్బీల, అంటే జపమాలల, దుకాణంలో పని. చెట్టు జిగురు కోట్ల ఏళ్లు నేలలో ఉండి గట్టిపడితే అంబర్. దాన్ని నేను జపమాల పూసలుగా అరగదీస్తాను.

ఒకసారి నేను నునుపు చేసిన పూసలో ముక్కుపురుగు కనబడింది. మా రూమ్‌లో బియ్యం సంచి విప్పితే నడిచొచ్చే సరుకే అనుకున్నాను. పొడుగు ముక్కు, దాని మీద మోచేతిలా వంగిన మీసాలు. మా అర్బాబ్, అంటే యజమాని, చూసి పెదవి విరిచాడు. బియ్యం పురుగును చూసి ఎవడు కొంటాడు, తూటు పొడిచి దండలో గుచ్చెయ్యమన్నాడు. తూటు పడేది సరిగ్గా దాని మెడ మీద. నాకు చెయ్యి రాలేదు. ఇక్కడి కాలేజీలో పురుగుల పాఠం చెప్పే, గోదావరి వైపు నుంచి వచ్చిన మేడమ్ ఒకామె మా దుకాణానికి వస్తుంటుంది. ఆమె చూసేదాకా ఆగమని బతిమాలితే, సాయంత్రం వరకేనన్నాడు.

మేడమ్ వచ్చి భూతద్దంతో చాలాసేపు చూసింది. మీసాలు వంగి ఉంటే బియ్యం పురుగు వంశమట. తిన్నగా ఉంటే అంతకుముందే చీలిపోయిన పాత శాఖట.

"వంగినట్టే ఉన్నాయండి. కానీ నీళ్ల గ్లాసులో చెంచా కూడా వంగినట్టే కనిపిస్తుంది కదా. మీ పూస గుండ్రమే మోసం చేస్తోందేమో. ముఖం దగ్గర బల్లపరుపుగా అరగదీయగలరా?"

పూసలవాడి చేతికి గుండ్రం తప్ప ఇంకోటి రాదు. అందుకే రూమ్‌లో చపాతీల డ్యూటీ ఎప్పుడూ నాదే. మెషిన్ వేడికి అంబర్ చిట్లుతుంది కాబట్టి, అద్దం పలక మీద తడి గరుకు కాగితం పరిచి చేత్తోనే రుద్దాను. కాస్త ఎక్కువైతే మీసాలే పోతాయి. రుద్దడం, తుడవడం, చూడటం. అర్బాబ్ ఊపిరంతా నా మెడ మీదే.

"మేడమ్, జర ఇప్పుడు సూడుండ్రి."

ఆమె చూసి భూతద్దం నాకే ఇచ్చింది. మీసాలు గీత గీసినట్టు తిన్నగా ఉన్నాయి.

"అయితే మా రూమ్‌ల బియ్యంల ఉండెటోనికి ఇది తాతనా?"

"తాత కాదండి. తాతకు అన్నదమ్ముల వరస. ఆ కొమ్మే వేరు."

ఆ పూసకు తూటు పడలేదు. బియ్యం పురుగు కాదని తేలాక అర్బాబ్ దాన్ని అద్దాల పెట్టెలో విడిగా పెట్టాడు. బురైమి అంత దూరపు ఊరి నుంచి వచ్చినవాళ్లు అడిగితే నన్నే పిలుస్తాడు. ఎవరి వంశం ఎక్కడ చీలిందో సగం హిందీలో, సగం అరబ్బీలో చెబుతాను. పురుగు ముఖం దగ్గర ఆ బల్లపరుపు కిటికీ ఎవరు తీశారని అడిగితే మాత్రం రొమ్ము విరుచుకోవడం అచ్చ తెలుగులోనే.